ఎత్తిపెట్టిన కళ్ళు

తింగ్ అంకుల్ ఆ రోజు నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. పెంపుడు చేపల పోటీ ఫలితాలు చెప్పేశారు. జనం పలచబడ్డారు. ఆయన మా తొట్టి ముందుకొచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, వంగి చాలాసేపు చూశాడు. ఆయన చేపకు రెండో బహుమతి. మాదానికి మొదటిది.

"అమ్మాయ్, మూడేళ్ళ చేప. గాజు తొట్టిలో పెరిగింది. అయినా రెండు కళ్ళూ ఇంత తిన్నగా ఎలా ఉన్నాయి? నలభై ఏళ్ళుగా పెంచుతున్నా, నాకు చేతకాలేదు. ఏం చేశావో చెప్పవూ?"

చొక్కా జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, పెన్ను మూత పళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి. యోంగ్ పెంగ్ అనే ఊరి నుంచి తెల్లవారకముందే బయల్దేరి, చేపని సంచిలో నీళ్ళతో సహా ఒళ్ళో పెట్టుకుని సరిహద్దు దాటి వచ్చాడట.

ఏం చేశానో చెప్పడానికి నాకు రెండు మాటలు చాలు. కోసి ఎత్తాను. అంతే. కానీ నా వెనకే మా క్వెక్ బావ గ్వాంగ్‌జౌ నుంచి వచ్చిన ఫాన్ అనే వ్యాపారితో బేరం ముగిస్తున్నాడు. అతనితో మాట్లాడుతూనే బావ ఒక్క క్షణం నావైపు చూశాడు.

ఆరోవానా చేపలు పెంచేవాళ్ళకి కన్నే ప్రాణం. చెరువులో ఉన్నంతకాలం ఆ చేప నీటి పైకే చూస్తూ తిరుగుతుంది, పురుగు ఎక్కడ పడుతుందా అని. గాజు తొట్టిలో పెట్టాక కిందికి చూడటం మొదలెడుతుంది. కన్ను వెనక కొవ్వు పేరుకుని, గుడ్డు మెల్లగా కిందికి దిగిపోతుంది. తొట్టి వల్లే అంటారు కొందరు, మేత వల్ల అంటారు ఇంకొందరు, అది నెత్తుర్లోనే ఉంటుందంటారు మరికొందరు. నిజంగా ఎందుకో ఎవరికీ తెలీదు. కన్ను దిగితే మాత్రం, పొలుసులు ఎంత బంగారంలా మెరిసినా, ధర సగానికి పడిపోతుంది. అదృష్టం కోసం కొనేవాడు నేలచూపుల చేపని ఎందుకు కొంటాడు?

నేను పంతొమ్మిదేళ్ళు ఒక కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ గదిలో పనిముట్లు అందించాను. డాక్టరుగారు రిటైరై ఆసుపత్రి మూసేశాక ఇంట్లో కూర్చున్నాను. క్వెక్ బావ మా పెద్దమ్మ కూతురి భర్త. ఇక్కడే సెరంగూన్‌లో పెంపుడు చేపల దుకాణం ఉంది. ఒకరోజు ఇంటికొచ్చి, "పెక్ లియన్, మనుషుల కళ్ళ దగ్గర ఇన్నేళ్ళు నిలబడ్డావు. చేప కన్ను నీకొక లెక్కా?" అన్నాడు.

మొదట మార్కెట్లో కొన్న చచ్చిన చేపల మీద చెయ్యి తిప్పుకున్నాను. తర్వాత బతికిన వాటి మీద. లవంగ నూనె కలిపిన నీళ్ళలో వేస్తే చేప కాసేపట్లో పక్కకి ఒరిగిపోతుంది. తడి తువ్వాలు మీద పడుకోబెట్టి, నోట్లోకి సన్న గొట్టంతో నీళ్ళు వదులుతూ, పటకారుతో గుడ్డు చుట్టూ వదులు చేసి, వెనకనుంచి పైకి నెట్టాలి. ఒక్కో కన్నుకి పది నిమిషాలు. తోక అంచు వంకరగా ఉంటే కత్తిరిస్తే తిన్నగా పెరుగుతుంది. గడ్డం కింద తోలు వేలాడితే కొంచెం తీసేస్తాం. ఆరు వారాలు వెనకగదిలో ఉంచితే గీత కూడా కనబడదు.

మొదటి ఏడు ఒక చేప కన్ను నా చేతిలోనే పోయింది. బావ కంగారు పడలేదు. తొట్టిని గోడకి చేర్చి, మంచి కన్ను బయటికి కనిపించేలా సర్దాడు. అది అమ్ముడుపోయింది కూడా. కొన్న పెద్దావిడ వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "దీన్ని ఎంత శుభ్రంగా చూసుకున్నావమ్మా," అంది. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

కానీ ఆ రోజుల్లో నాకు అది సిగ్గనిపించలేదు. మిగతా దుకాణాల వాళ్ళు కూడా రహస్యంగా చేపల్ని తెచ్చేవాళ్ళు. నన్ను "డాక్టర్ పెక్" అనేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళు "ఏయ్, ఆ కత్తెర ఇలా ఇవ్వు" అని పిలిపించుకున్న దాన్ని. ఆ పిలుపు నాకు నచ్చింది. ఉన్నమాట అది.

పోటీలో గెలిచిన చేపని బావ ఒక హోటలు యజమాని దగ్గర చవగ్గా పట్టుకొచ్చాడు. అప్పటికి దాని రెండు కళ్ళూ పూర్తిగా దిగిపోయి ఉన్నాయి.

తింగ్ అంకుల్ పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"బంతులు అంకుల్," అన్నాను.

"బంతులా?"

"పింగ్ పాంగ్ బంతులు. వేలంత పిల్లప్పటినుంచీ నీళ్ళ మీద తేలేలా వేశాం. అవి కదులుతుంటే చేప పైకే చూస్తుంది. దీపం కూడా పైనే ఉండాలి. మేత పైనుంచే, ఒక్కొక్కటిగా వెయ్యాలి. అడుక్కి పోనివ్వకూడదు."

బంతులు వేసే అలవాటు కొందరికి ఉంది. నేను పూర్తిగా కల్పించలేదు. ఆ మాటే నాకు నేను తర్వాత వందసార్లు చెప్పుకున్నాను.

"ఎన్ని బంతులు?"

"తొమ్మిది."

"తొమ్మిదే ఎందుకు? ఏడైతే చాలవా?"

"చాలవంకుల్. తొమ్మిది ఉండాలి."

ఆయన "తొమ్మిది" అని రాసుకుని దానికింద గీత గీశాడు. తర్వాత నాకు తల వంచి నమస్కారం పెట్టాడు. పెంపకంలో తనకంటే మెరుగైన మనిషికి పెట్టే నమస్కారం అది. వెనకనుంచి బావ వచ్చి ఆయన భుజం తట్టి, "మా మరదలు మామూలుది కాదు అంకుల్. చేపలతో మాట్లాడుతుంది," అన్నాడు. ఆయన నిజమే అన్నట్టు తలూపాడు.

బావ ఆ మధ్యాహ్నమే చేపని ఫాన్‌కి అమ్మేశాడు. ఒక మంచి కారు వచ్చే ధర పలికింది.

నెల తిరక్కుండానే తింగ్ అంకుల్ ఫోన్ చేశాడు. ఆరు పిల్ల చేపల తొట్లలో బంతులు వేశాడట. "మా ఆవిడ నవ్వుతోంది, ఇల్లు ఆటస్థలం అయిపోయిందంటోంది," అని చెప్పాడు. రెండు నెలలకోసారి, ఒక్కోసారి నెలకే ఫోన్ చేసేవాడు. చేసినప్పుడల్లా ముందు నా ఆరోగ్యం అడిగేవాడు. తర్వాత చేపల కళ్ళ సంగతి. ఎవరైనా ఇటు వస్తుంటే నువ్వుల రొట్టెలు, ఇంట్లో కాచిన ఎర్ర బియ్యపు సారా సీసా పంపేవాడు. నేను ఆ రొట్టెలు తిన్నాను.

ఏడాది దాటాక ఆయన గొంతు మారింది.

"అమ్మాయ్, పెద్దదాని ఎడమ కన్ను దిగుతోంది. నేనెక్కడో తప్పు చేస్తున్నా."

"తొట్టి ఎత్తులో పెట్టారా అంకుల్?"

"లేదే! నువ్వు చెప్పలేదుగా."

"మన కంటి ఎత్తుకి పైన ఉండాలి. అడుగు అద్దానికి నల్లరంగు కూడా వేయించండి."

ఆయన కొడుకు మెంగ్ హ్వాతో కలిసి తొట్లన్నీ కిందికి దించి, ఇనప స్టాండ్లు చేయించి, మళ్ళీ ఎత్తి పెట్టాడు. ఆ పనిలో నడుం పట్టేసి పదిరోజులు మంచం మీద ఉన్నాడని తర్వాత తెలిసింది. అబద్ధం ఒకటి చెప్పి ఊరుకుంటే సరిపోదు. దానికి మేత వేస్తూనే ఉండాలి. నేను వేశాను.

ఆయన పెరట్లో ఒక చెరువు ఉంది. అందులో ఒక జంట. పదహారేళ్ళ కింద కొన్న ఆడది, దానికంటే కొంచెం చిన్న మగది. ఆయన తొట్లలోని చేపలన్నీ ఆ జంట పిల్లలే. గుడ్లు పెట్టాక మగది వాటిని నోట్లో పెట్టుకుని రెండు నెలలు తిండి మానేస్తుంది. ఆ రెండు నెలలూ అంకుల్ కూడా గట్టు మీద పెద్దగా మాట్లాడడట, దాన్ని బెదరగొట్టకూడదని. ఇదంతా ఆయనే ఫోన్‌లో చెప్పాడు, ఇంట్లో మనుషుల గురించి చెప్పినట్టు.

రెండో ఏడు చివర్లో, ఒక ఆదివారం ఉదయం, దుకాణంలో నీళ్ళు మారుస్తుంటే ఫోన్ మోగింది.

"అమ్మాయ్, ఒక సలహా కావాలి. ఆరింటిలో ఐదింటికి కళ్ళు దిగిపోయాయి. నువ్వు చెప్పినవన్నీ చేశాను. నీళ్ళు సరే, వెలుతురు సరే, మేత సరే, బంతులు తొమ్మిదే. ఇంక మిగిలింది నెత్తురే కదా?"

నేను నీళ్ళ గొట్టం కట్టేశాను.

"నా జంటలోనే దోషం ఉంది. ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయా. ఒక డీలరు అడుగుతున్నాడు. బుధవారం వచ్చి తీసుకుపోతానంటున్నాడు. ఇచ్చెయ్యనా? నీకు తెలిసినంత నాకు తెలీదు. నువ్వు ఉంచమంటే ఉంచుతా."

పక్కనే బావ కొత్త చేపల సంచులు విప్పుతున్నాడు. కానీ బావ మీద నెట్టేస్తే అది మళ్ళీ అబద్ధమే అవుతుంది. ఆ పూట బావ అక్కడ లేకపోయినా నేను నోరు విప్పేదాన్ని కాదు. రెండేళ్ళుగా ఆ ముసలాయన నన్ను గురువులా చూశాడు. ఆ చూపు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

"మీ చేపల సంగతి మీకే బాగా తెలుసంకుల్. మీ ఇష్టం," అన్నాను.

"అంతేనంటావా. సరే అమ్మాయ్," అని పెట్టేశాడు.

సోమవారం గడిచింది. మంగళవారం గడిచింది. బుధవారం పొద్దున ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టాను. ఆ తర్వాతి ఆదివారం దాకా అన్నం సహించలేదు. అప్పుడు బయల్దేరాను. సరిహద్దు వంతెన దాటి, జొహోర్‌లో బస్సు మారి, యోంగ్ పెంగ్‌లో దిగి, తింగ్ ఇల్లెక్కడని అడిగితే, "పింగ్ పాంగ్ తింగేనా?" అని నవ్వి దారి చూపించారు. నా వల్ల ఆయనకి ఊళ్ళో ఆ పేరు వచ్చింది.

ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ఆంటీ నన్ను కూర్చోబెట్టి, ఎర్ర సారాలో ఉడికించిన కోడిపులుసు, సన్న సేమియా గిన్నెలో వడ్డించి, "ఇన్నాళ్ళకి మా గురువుగారు వచ్చారు," అంది. ముందుగదిలో ఆరు తొట్లు, ఇనప స్టాండ్ల మీద, నా తలకంటే ఎత్తులో ఉన్నాయి. ఒక్కోదాంట్లో తెల్లగా తొమ్మిదేసి బంతులు తేలుతున్నాయి. వాటికింద బంగారు చేపలు, ఒక్కటి తప్ప అన్నీ నేలవైపు చూస్తూ.

"అంకుల్, మీకొక మాట చెప్పాలి."

"ముందు తిను. చల్లారిపోతుంది."

"ఆ బంతులు అబద్ధం అంకుల్."

ఆయనకి అర్థం కాలేదు. "తొమ్మిది కాదా? మరి ఎన్ని?"

నాకు అక్కడే నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది.

"ఎన్నైనా అబద్ధమే. ఆ చేప కళ్ళు మీ చేపల కళ్ళలాగే దిగిపోయాయి. నేను కోసి పైకి ఎత్తాను. పటకారుతో. మీరు అడిగినప్పుడు అమ్మకం చెడిపోతుందని నోటికొచ్చింది చెప్పాను. మీ జంటలో ఏ దోషమూ లేదు."

ఆంటీ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. అంకుల్ నా మొహంవైపు చూడలేదు. నా చేతులవైపు చూశాడు.

"ఈ చేతుల్తోనా?"

"అవును."

"దానికి నొప్పెయ్యదా?"

"మత్తిస్తామంకుల్."

"అది కాదు. మత్తు దిగాక?"

మూడేళ్ళలో వందకి పైగా చేపలు నా చేతిమీదుగా వెళ్ళాయి. ఈ ప్రశ్న నేను ఒక్కసారీ వేసుకోలేదు.

"తెలీదు," అన్నాను.

గుమ్మంలో నిలబడి వింటున్న మెంగ్ హ్వా ముందుకొచ్చాడు. "ఓస్, ఇంతేనా! నాన్నా, ఈవిడ ఎలాగూ వచ్చింది. ఆ ఐదింటికీ ఎత్తించేద్దాం. ఒక్క పూట పని. రెండేళ్ళ ఖర్చు తిరిగొస్తుంది. ఏమ్మా, చేస్తావు కదా? మాకు ఆమాత్రం చెయ్యాలి నువ్వు."

"నోర్ముయ్‌రా," అన్నాడు అంకుల్. అరవలేదు. "ముందు ఆ డీలరుకి ఫోన్ చెయ్యి. జంటని వెనక్కి ఇమ్మను. కావాలంటే ఇంకొంచెం ఎక్కువిస్తానని చెప్పు."

మెంగ్ హ్వా పెరట్లోకి వెళ్ళాడు. మేం ముగ్గురం కూర్చున్నాం. పులుసు మీద నూనె తెట్టు కట్టింది. అతను తిరిగొచ్చినప్పుడు మొహంలో ఇందాకటి దురుసు లేదు.

"మగది ఉంది నాన్నా. రేపు తెచ్చిస్తానన్నాడు."

"మరి ఆడదో?"

"లారీలో ఎండకి నీళ్ళు వేడెక్కాయట. దారిలోనే పోయింది. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదన్నాడు."

అంకుల్ లేచాడు. ఎక్కడికో వెళ్తాడనుకున్నాను. గోడకి ఉన్న చిన్న వల తీసుకుని, స్టూలు లాక్కుని ఎక్కి, మొదటి తొట్టిలోంచి బంతుల్ని ఒక్కొక్కటిగా తీసి బకెట్లో వేయడం మొదలెట్టాడు. స్టూలు కొంచెం ఊగింది. పట్టుకుందామని లేచాను.

"వద్దు," అన్నాడు.

నేను నిలబడిపోయాను. ఆరు తొట్లలోని బంతులూ ఆయనొక్కడే తీశాడు. ఆఖరి బంతి వేశాక, స్టూలు దిగి, వెనక్కి తిరక్కుండా అడిగాడు.

"ఆ చేపని కొన్నాయనకి తెలుసా?"

"తెలీదంకుల్."

"మరి ఇక్కడ కూర్చుని ఏడిస్తే ఏం లాభం?"

నేను ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకే తెలీదు. ఆంటీ నన్ను గుమ్మందాకా సాగనంపింది. ఏమీ అనలేదు, ఏమీ ఇవ్వలేదు.

మర్నాడు గ్వాంగ్‌జౌకి ఫోన్ చేశాను. ఫాన్ ఓపిగ్గా విన్నాడు. విని, నవ్వాడు.

"రెండో నెలలోనే చూశానమ్మా, కంటి అంచున గీత. మంచి పనితనం. అందుకే నేనేం గొడవ చెయ్యలేదు. మా బాంకు మేనేజరు కొత్త ఇంటికి దాన్ని కానుకగా ఇచ్చేశాను, పుట్టుకతోనే అంత అందగత్తె అని చెప్పి. ఇప్పుడు నువ్వు పుణ్యం మూటకట్టుకుందామని ఆయనకి ఫోన్ చెయ్యకు. నా పరువు పోతుంది."

ఆ మేనేజరు పేరు కూడా నాకు తెలీదు. నా తప్పు అప్పటికే రెండు చేతులు మారిపోయింది.

దుకాణం మానేస్తానని బావకి చెప్పాను. "ఎవరికి నష్టం? చేప బతికే ఉంది, కొన్నవాడు సంతోషంగా ఉన్నాడు, మనం సంతోషంగా ఉన్నాం. అందరూ మొహాలకి రంగు పూసుకునే లోకంలో చేప కన్ను ఎత్తితే పాపమా?" అన్నాడు. చచ్చిపోయిన ఆడచేప గురించి చెప్పాను. "దాన్ని నువ్వు చంపలేదు, లారీ చంపింది," అన్నాడు. ఆ మాట నమ్మాలని నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను.

రెండు నెలల తర్వాత మెంగ్ హ్వా దగ్గరనుంచి ఫోన్ వచ్చింది. పెంపకందార్ల సంఘం సమావేశంలో వాళ్ళ నాన్న లేచి నిలబడ్డాడట. పోటీకి వచ్చే చేపల కంటి అంచులు దగ్గరగా చూడండి, కోసిన కళ్ళకి బహుమతులిస్తున్నారు, ఆ కళ్ళని చూసి నాలాంటి వాళ్ళు తమ చేపల్ని పాడు చేసుకుంటున్నారు అన్నాడట. ఎవరు చేశారో పేరు చెప్పమని అందరూ పట్టుబట్టారు.

"చెప్పాడా?" అన్నాను.

"లేదు. ‘తనే వచ్చి చెప్పింది, నేను చెప్పను’ అన్నాడు. ఊళ్ళో పింగ్ పాంగ్ తింగ్ అని ఇంకా నవ్వుతూనే ఉన్నారు."

ఆయన నన్ను కాపాడాడు. నేను కాపాడమని అడగలేదు, కానీ విన్నప్పుడు ముందు నాకు కలిగింది ఊరట. దానికి సిగ్గుపడటానికి ఇంకో మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు సంఘం కార్యదర్శికి ఉత్తరం రాశాను. నా పూర్తి పేరు, తాయ్ పెక్ లియన్, చేప ఒంట్లో పెట్టే గుర్తింపు చిప్ నంబరు, ఏ నెలలో ఏ కన్ను ఎత్తానో, తోక ఎంత కత్తిరించానో అంతా రాసి సంతకం పెట్టాను. బావ పేరు రాయలేదు, కానీ దుకాణం ఎవరిదో అందరికీ తెలుసు.

బహుమతి రద్దు చేశారు. బావ ఇంటికొచ్చి వాకిట్లోనే నిలబడి తిట్టాడు. ఆ ఏడు కొత్త సంవత్సరం భోజనానికి మా అక్క నన్ను పిలవలేదు, ఆ తర్వాతా పిలవలేదు. కళ్ళు ఎత్తడం మాత్రం ఆగలేదు. మానేసే ముందే నేను దుకాణంలో ఇంకొకతనికి పని నేర్పాను. అతను నాకంటే బాగా చేస్తున్నాడని విన్నాను. నేనిప్పుడు ఒక డయాలసిస్ కేంద్రంలో ఉదయంపూట పని చేస్తున్నాను.

సంఘం వాళ్ళు మొదటి బహుమతి కప్పు యోంగ్ పెంగ్ పట్టుకెళ్ళారట. అంకుల్ తీసుకోలేదు. "నా చేప కళ్ళు కూడా ఇప్పుడు దిగిపోయాయి. ఇవాళ చూస్తే మీరే ఇవ్వరు," అని టీ ఇచ్చి పంపించేశాడని మెంగ్ హ్వా చెప్పాడు. ఆ కుర్రాడు ఎందుకో నాకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తూనే ఉంటాడు.

"మగది ఎలా ఉంది?" అని కిందటిసారి అడిగాను.

"చెరువులోనే ఉందాంటీ. రెండు ఆడచేపల్ని తెచ్చి వదిలాం. దగ్గరికి పోదు. నాన్న రోజూ గట్టు మీద కూర్చుని మిడతలు వేస్తాడు. పైకొచ్చి తిని వెళ్ళిపోతుంది."

ఏదైనా అనాలనిపించింది. వాళ్ళమ్మని అడిగినట్టు చెప్పమన్నాను. చెప్తానన్నాడు. చెప్పాడో లేదో నేను మళ్ళీ అడగలేదు.